ఆమె మాటకు ఎంతమంది సాక్షులు?

గర్భవతికి గుండెజబ్బు ముదిరి ప్రాణం మీదికొచ్చిందని తేల్చడానికి ఇద్దరు డాక్టర్లు చాలు. పరిస్థితి విషమించి ఏ క్షణంలో ఏమవుతుందో తెలియని స్థితిలో ఉంటే ఒక్క డాక్టరు చాలు. అదే గర్భవతి ‘నేనిక బతకలేను, చచ్చిపోవాలనిపిస్తోంది’ అంటే మాత్రం... ముగ్గురు కావాలి!

ఇదేదో రాజుల కాలం నాటి శాసనం కాదు. 2013లో ఐర్లండ్ పార్లమెంటు చేసిన చట్టం. మూడో డాక్టరు ఉండాలా వద్దా, అసలు ఆత్మహత్య మాట చట్టంలో కనిపించాలా వద్దా అని అక్కడి నేతలు తెల్లవార్లూ వాదించుకున్నారు. పార్టీలు చీలాయి. ఓ మంత్రి పదవి పోయింది. ప్రధానికి రక్తంతో రాసిన ఉత్తరాలొచ్చాయి.

ఇంత రగడకూ మూలం ఒకే ఒక్క ప్రశ్న... ‘చచ్చిపోతాను’ అని ఓ ఆడమనిషి చెబితే నమ్మాలా, వద్దా?

పద్నాలుగేళ్ల పిల్ల... తొమ్మిది నెలల నిషేధం

ఐర్లండ్‌లో గర్భవిచ్ఛిత్తి 1861 నుంచే నేరం. విక్టోరియా రాణి కాలంలో చేసిన ఆ చట్టం కింద జీవితఖైదు దాకా శిక్ష పడొచ్చు. అదీ చాలదన్నట్టు 1983లో ప్రజాభిప్రాయ సేకరణ జరిపి రాజ్యాంగానికి ఎనిమిదో సవరణ చేశారు. తల్లికీ కడుపులోని బిడ్డకూ జీవించే హక్కు సమానమన్నది దాని సారాంశం. నూటికి 67 మంది సరేనన్నారు. కేథలిక్ చర్చి మాటకు తిరుగులేని రోజులవి.

సమానం సరే. ఇద్దరిలో ఒకరే బతికే పరిస్థితి వస్తే? ఆ సంగతి రాజ్యాంగం విడమరచి చెప్పలేదు. తొమ్మిదేళ్లకు ఆ ప్రశ్న ఓ పద్నాలుగేళ్ల పిల్ల రూపంలో ఎదురొచ్చింది.

తెలిసిన వ్యక్తే ఆమె మీద అత్యాచారం చేశాడు. గర్భం వచ్చింది. తల్లిదండ్రులు అబార్షన్ కోసం ఇంగ్లండ్ తీసుకెళ్లారు. నేరస్థుడిని పట్టించడానికి పిండం నుంచి డీఎన్‌ఏ తీస్తే కోర్టులో సాక్ష్యంగా పనికొస్తుందా అని పోలీసులను అడిగారు. న్యాయం కోసం అడిగిన ఆ మాటే వాళ్ల మెడకు చుట్టుకుంది. విషయం అటార్నీ జనరల్ దాకా వెళ్లింది. ఆయన హైకోర్టుకెక్కారు. కుటుంబం పని మానుకుని వెనక్కి రావాల్సి వచ్చింది. 1992 ఫిబ్రవరిలో హైకోర్టు ఆ అమ్మాయి తొమ్మిది నెలలపాటు దేశం దాటకూడదని ఆదేశించింది.

ప్రాణం తీసుకోవాలనిపిస్తోందని ఆ పిల్ల అప్పటికే తల్లితో చెప్పింది. మానసిక నిపుణుడు కూడా ప్రమాదం నిజమేనన్నారు. కానీ అబార్షన్ జరిగితే బిడ్డ ప్రాణం పోవడం ఖాయం, ఆత్మహత్య మాత్రం జరగొచ్చు, జరగకపోవచ్చు... కాబట్టి రెంటినీ ఒకే తూకం వేయలేమన్నది హైకోర్టు తర్కం.

డబ్లిన్ వీధుల్లోకి జనం వచ్చారు. రోజుల వ్యవధిలోనే సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టేసింది. అయిదుగురు జడ్జీల్లో నలుగురు ఒక మాట మీద నిలిచారు. తల్లి ప్రాణానికి నిజమైన, బలమైన ముప్పు ఉంటే, దాన్ని తప్పించడానికి మరో దారి లేకపోతే గర్భం తీయించుకోవచ్చు. ఆ ముప్పు ఆత్మహత్య రూపంలో ఉన్నా సరే. ఆ అమ్మాయికి ఆ తర్వాత గర్భస్రావం దానంతటదే జరిగిపోయింది. పేరు బయటపెట్టకూడదు కనుక కోర్టు కాగితాల్లో ఆమెను ‘ఎక్స్’ అన్నారు. ఐర్లండ్ చరిత్రలో అది ‘ఎక్స్ కేసు’గా మిగిలింది.

విచిత్రం ఏమిటంటే, ఆ తీర్పు వచ్చేనాటికి ఐర్లండ్‌లో ఆత్మహత్యాయత్నం ఇంకా నేరమే. మరుసటి ఏడాది 1993లోగానీ దాన్ని నేరాల జాబితా నుంచి తీసేయలేదు!

నేతలు అడిగారు... జనం కాదన్నారు

తీర్పు వచ్చింది కాబట్టి చట్టం రావాలి. ఏ పరిస్థితిలో, ఎవరు ధ్రువీకరించాలో డాక్టర్లకు చెప్పాలి. ఎనిమిదో సవరణ వచ్చి ఇన్నేళ్లయినా చట్టం చేయకపోవడం క్షమించరానిదని ఓ న్యాయమూర్తి తీర్పులోనే చురక వేశారు. నేతలు మాత్రం మరో దారి వెతికారు. చట్టం చేసే బదులు ఆత్మహత్య కారణాన్నే రాజ్యాంగం నుంచి తప్పించేద్దామనుకున్నారు.

1992 నవంబరులో ప్రజలను అడిగారు. 65 శాతం మంది వద్దన్నారు. అదే రోజు, అబార్షన్ కోసం విదేశాలకు వెళ్లే స్వేచ్ఛకు అడ్డు ఉండకూడదని మాత్రం ఓటేశారు. పదేళ్లాగి 2002 మార్చిలో మళ్లీ అడిగారు. ఈసారి హోరాహోరీ. వద్దన్నవాళ్లు 50.42 శాతం, సరేనన్నవాళ్లు 49.58 శాతం. దేశం మొత్తమ్మీద తేడా పదివేల పైచిలుకు ఓట్లు!

వద్దన్నవాళ్లందరూ ఒక్క ఆలోచనతో లేరు. నిషేధం ఇంకా కఠినంగా ఉండాలనుకుని కాదన్నవాళ్లూ వాళ్లలో ఉన్నారు. కారణం ఏదైనా ఫలితం ఒక్కటే. ఆత్మహత్య ముప్పును లెక్కలోంచి తీసేయడానికి జనం రెండుసార్లూ ఒప్పుకోలేదు. నేతలు రెండుసార్లూ ఫలితాన్ని తలకెక్కించుకోలేదు. తీర్పు ఒకపక్క, పాత చట్టం మరోపక్క... మధ్యలో డాక్టర్లు, గర్భవతులు.

2010 డిసెంబరులో యూరప్ మానవ హక్కుల న్యాయస్థానం కూడా ఐర్లండ్‌ను తప్పుబట్టింది. రాజ్యాంగం ఇచ్చిన హక్కు తనకు వర్తిస్తుందో లేదో తెలుసుకునే మార్గమైనా ఆడవాళ్లకు లేదేమని నిలదీసింది. ప్రభుత్వం ఓ నిపుణుల బృందాన్ని వేసింది. ఆ బృందం నివేదిక చేతికొచ్చే సమయానికి గాల్వే నగరం నుంచి పిడుగులాంటి వార్త.

బెళగావి నుంచి వెళ్లిన డాక్టరమ్మ

సవితా హలప్పనవర్. వయసు 31. మన పొరుగునే ఉన్న కర్ణాటకలోని బెళగావి అమ్మాయి. దంతవైద్యురాలు. పదిహేడో వారం గర్భంతో, విపరీతమైన నొప్పితో 2012 అక్టోబరు 21న గాల్వే ఆసుపత్రిలో చేరింది. బిడ్డ దక్కదని డాక్టర్లకు అర్థమైంది. అయితే గర్భం తీసేయమని దంపతులు వేడుకున్నారు. పిండం గుండె కొట్టుకుంటోంది కాబట్టి కుదరదన్నారు. ఇది కేథలిక్ దేశమన్న మాటా వినబడింది. ఆ మాట అన్నది తానేనని తర్వాత విచారణలో ఓ మంత్రసాని ఒప్పుకుంది కూడా. రక్తంలో ఇన్ఫెక్షన్ ముదిరి, అక్టోబరు 28న సవిత కన్నుమూసింది.

సవితది ఆత్మహత్య ముప్పు కాదు. కళ్లముందు కనిపిస్తున్న శరీర ప్రమాదం. అయినా ఇరవై ఏళ్లుగా చట్టం చేయకుండా తప్పించుకు తిరిగిన నేతలకు ఇక దాక్కోవడానికి చోటు లేకుండా చేసింది ఆ చావే. డబ్లిన్‌లో కొవ్వొత్తులు వెలిగాయి. బెళగావిలో అమ్మానాన్నల కన్నీళ్లు ప్రపంచమంతా చూసింది. దిల్లీ నుంచి ప్రశ్నలు వెళ్లాయి. 2013లో ప్రభుత్వం బిల్లు తెచ్చింది. పేరు... గర్భధారణలో ప్రాణరక్షణ బిల్లు.

రెండు వాదనలు

బిల్లులో శరీరానికి సంబంధించిన సెక్షన్ల మీద పెద్దగా పేచీ లేదు. నిప్పంతా తొమ్మిదో సెక్షన్ దగ్గరే రాజుకుంది. అది ఆత్మహత్య ముప్పు గురించినది.

ఆ ఏడాది జనవరిలో, మేలో పార్లమెంటు ఆరోగ్య సంఘం నిపుణులను పిలిచి రోజుల తరబడి విచారించింది. సైకియాట్రిస్టులే రెండుగా చీలిపోయారు. ఆత్మహత్య ఆలోచనకు అబార్షన్ మందు అని రుజువు చేసే శాస్త్రీయ ఆధారం లేదని కొందరన్నారు. ఆత్మహత్య ఆలోచనకు చేయాల్సిన చికిత్స వేరే ఉంది, అది చేస్తే మనిషి కోలుకుంటుంది, పోయిన బిడ్డ మాత్రం తిరిగిరాదు అన్నది వాళ్ల మాట. ఎవరు నిజంగా ప్రాణం తీసుకుంటారో ముందే పసిగట్టడం వైద్యానికి సాధ్యం కాదనీ గుర్తుచేశారు. తేలిగ్గా తీసిపారేయగల వాదన కాదది.

అవతలి వాళ్ల జవాబూ బలమైనదే. గర్భవతులు ఆత్మహత్య చేసుకోవడం అరుదే. కానీ అరుదు అంటే లేదని కాదు. చచ్చిపోవాలనిపిస్తోందని చెప్పే మనుషులను అంచనా వేయడం సైకియాట్రిస్టులు రోజూ చేసే పనే. మిగతా రోగులందరి విషయంలో నమ్మిన ఆ అంచనాను, గర్భవతి విషయం వచ్చేసరికి ఎందుకు నమ్మరు?

ఇక సభలో మాట మరింత ఘాటెక్కింది. ఆత్మహత్య సాకుతో అబద్ధాలాడి అబార్షన్లు చేయించుకుంటారని, ఈ సెక్షన్ వస్తే తలుపులు బార్లా తెరిచినట్టేనని వ్యతిరేకించినవాళ్లు వాదించారు. అబద్ధమాడాల్సిన ఖర్మ ఎవరికని ఎదుటివాళ్లు అడిగారు. అప్పటికే ఏటా వేలమంది ఐరిష్ మహిళలు ఇంగ్లండ్ వెళ్లి వస్తున్నారు. విమానం టికెట్టుకు డబ్బున్న మనిషి ముగ్గురు డాక్టర్ల ముందు కూర్చుని పిచ్చిదాన్నని నిరూపించుకోవడం ఎందుకు? ఆ గది దాకా వచ్చేది వెళ్లడానికి మరో చోటు లేనివాళ్లేనని వాళ్ల వాదన.

ప్రధాని ఎండా కెన్నీది ఫినె గేల్ పార్టీ. సంప్రదాయవాదులు ఎక్కువ. తాను ప్రధానిని, కేథలిక్కునూ కూడా, అంతేగాని కేథలిక్కులకు మాత్రమే ప్రధానిని కానని ఆయన సభకు చెప్పారు. మనస్సాక్షి ప్రకారం ఓటేసే వెసులుబాటు తన ఎంపీలకు ఇవ్వలేదు. ప్రతిపక్షం ఫియన్నా ఫాల్ ఇచ్చింది. ఆ పార్టీ నేత మిహాల్ మార్టిన్ బిల్లుకు అనుకూలంగా ఓటేస్తే, ఆయన ఎంపీల్లో ఎక్కువమంది వ్యతిరేకంగా ఓటేశారు!

జులై 10న మొదలైన చర్చ మర్నాడు ఉదయం 5 గంటల దాకా సాగింది. అయినా తెగలేదు. సాయంత్రం మళ్లీ కూర్చున్నారు. యూరప్ వ్యవహారాల సహాయ మంత్రి లుసిండా క్రైటన్ విప్‌ను ధిక్కరించి పదవి వదులుకున్నారు. ఆమెతో కలిపి ఐదుగురు ఫినె గేల్ ఎంపీలు పార్టీ బృందానికి దూరమయ్యారు. చివరకు 12వ తేదీ అర్ధరాత్రి దాటాక 127-31 ఓట్లతో బిల్లు గట్టెక్కింది. జులై 30న అధ్యక్షుడు మైకేల్ డి. హిగిన్స్ సంతకం చేశారు. 2014 జనవరి 1 నుంచి అమలు.

ఆ చట్టంలోనే ఈ ఒకటి, రెండు, మూడు లెక్క ఉంది. ఆత్మహత్య ముప్పు అయితే ఒక ప్రసూతి వైద్యుడు, ఇద్దరు సైకియాట్రిస్టులు... ముగ్గురూ ఒక్కమాట మీద ఉండాలి. కాదంటే అప్పీలు. అక్కడ మరో ముగ్గురు. అంటే మనసు విరిగిన మనిషి తన బాధను ఆరుగురికి విప్పిచెప్పుకోవాలి. చట్టం దాటి పిండాన్ని తొలగిస్తే 14 ఏళ్ల దాకా జైలు.

తెరిచిన తలుపులోంచి వచ్చింది ఎందరు?

మొదటి ఏడాది గడిచింది. 2014లో ఈ చట్టం కింద జరిగిన గర్భవిచ్ఛిత్తులు మొత్తం 26. అందులో శరీర అనారోగ్యం వల్ల 14, అత్యవసర పరిస్థితుల్లో 9, ఆత్మహత్య ముప్పు వల్ల... 3. అదే ఏడాది ఇంగ్లండ్, వేల్స్ ఆసుపత్రుల్లో ఐర్లండ్ చిరునామా ఇచ్చి అబార్షన్ చేయించుకున్నవాళ్లు 3,735 మంది. తలుపులు బార్లా తెరుచుకుంటాయని భయపడిన చోట లోపలికొచ్చింది ముగ్గురు.

రాలేకపోయినవాళ్లూ ఉన్నారు. 2014లోనే ఓ విదేశీ యువతి ఆశ్రయం కోరి ఐర్లండ్ చేరింది. స్వదేశంలో అత్యాచారానికి గురైన మనిషి. గర్భవతినని ఇక్కడికొచ్చాకే తెలిసింది. చేతిలో డబ్బు లేదు, సరిహద్దు దాటే కాగితాలు లేవు. చచ్చిపోతానంది. ఎవరి దగ్గరికెళ్లాలో తెలిసి, డాక్టర్ల ముందుకు చేరి, వాళ్లు ముప్పు నిజమేనని తేల్చేసరికి నెలలు నిండుతున్నాయి. గర్భం తీసే దశ దాటిపోయిందని ఆపరేషన్ చేసి నెలలు నిండని బిడ్డను బయటికి తీశారు. ఆమెనూ ఒక అక్షరంతోనే పిలిచారు... ‘వై’. ఇరవై రెండేళ్లలో ఎక్స్ నుంచి వై దాకా మాత్రమే జరిగింది ఆ దేశం!

ముగ్గురు కాస్తా ఇద్దరయ్యారు

2018 మే 25న ఐర్లండ్ మళ్లీ ఓటేసింది. ఈసారి ఎనిమిదో సవరణే ఉండాలా, పోవాలా అని. పోవాలన్నవాళ్లు 66.4 శాతం. 1983లో ఎంతమంది కావాలన్నారో, ముప్ఫై అయిదేళ్లకు ఇంచుమించు అంతమందీ వద్దన్నారు. డబ్లిన్‌లో ఓ గోడ మీద గీసిన సవిత బొమ్మ చుట్టూ వందలాది చీటీలు అంటించి వెళ్లారు జనం.

2019 జనవరి నుంచి కొత్త చట్టం అమల్లోకొచ్చింది. 12 వారాల దాకా కారణం చెప్పక్కర్లేదు. అది దాటితే తల్లి ప్రాణానికిగానీ ఆరోగ్యానికిగానీ తీవ్రమైన ముప్పు ఉందని ఇద్దరు డాక్టర్లు తేల్చాలి. ఆరోగ్యమంటే ఏమిటో చట్టమే చెప్పింది... శారీరకమైనదీ, మానసికమైనదీ. ఆత్మహత్యకు విడిగా సెక్షన్ లేదు. మూడో డాక్టరు లేడు. మనసు జబ్బుకు వేరే తరాజు పెట్టడం అక్కడితో ఆగిపోయింది.

మనకు ఎప్పటినుంచో ఉంది... కానీ

ఇక్కడే మనం కాస్త కాలరెగరేయొచ్చు. మన దేశంలో గర్భవిచ్ఛిత్తి చట్టం వచ్చింది 1971లో. శరీరంతోపాటు మానసిక ఆరోగ్యానికి తీవ్రమైన హాని అన్న మాట అందులో మొదటినుంచీ ఉంది. అత్యాచారం వల్ల వచ్చిన గర్భమైతే మనోవేదన ఉన్నట్టే లెక్క, విడిగా రుజువు చేయక్కర్లేదు. 2021 సవరణ తర్వాత 20 వారాల దాకా ఒక డాక్టరు అభిప్రాయం చాలు. అత్యాచార బాధితులు, మైనర్లు లాంటి కొన్ని వర్గాలకు 24 వారాల దాకా గడువుంది, అప్పుడు ఇద్దరు డాక్టర్లు కావాలి. సవిత బెళగావిలోనే ఉండి ఉంటే ఆ గర్భం తీయడానికి చట్టం అడ్డొచ్చేది కాదు.

గడువు దాటాక మాత్రం మన కోర్టులూ ఐర్లండ్ పడ్డ ఆ అవస్థే పడుతున్నాయి. 2023 అక్టోబరులో ఇద్దరు పిల్లల తల్లి ఒకరు సుప్రీంకోర్టుకొచ్చింది. రెండో కాన్పు తర్వాత వచ్చిన మానసిక సమస్యకు మందులు వాడుతోంది. మూడో గర్భం సంగతి ఆలస్యంగా తెలిసింది. అప్పటికే దాదాపు 26 వారాలు. ముందు సరేనన్న ఇద్దరు మహిళా న్యాయమూర్తులు రెండ్రోజులకే చెరో దారి అయ్యారు. తెలంగాణ హైకోర్టుకు ప్రధాన న్యాయమూర్తిగా చేసిన జస్టిస్ హిమా కోహ్లి ఇక అనుమతించలేనన్నారు. జస్టిస్ బి.వి.నాగరత్న ఆ తల్లి నిర్ణయాన్నే గౌరవించాలన్నారు. చివరికి ముగ్గురు జడ్జీల ధర్మాసనం తల్లి ప్రాణానికి తక్షణ ముప్పు లేదంటూ కుదరదని తేల్చింది. డబ్లిన్ సభలో తెల్లవారే దాకా సాగిన వాదనే... దిల్లీలో వారం రోజులు నడిచింది.

కోర్టుల దాకా వెళ్లేవాళ్లు ఏ కొందరో. మిగతావాళ్ల కేసు నడిచేది మన ఇళ్లలోనే. కోడలు వట్టిమనిషి కాదని తెలిసిన రోజు నుంచీ ఏం తినాలో, ఎటు తిరిగి పడుకోవాలో అందరూ చెబుతారు. నాకేం బాగోలేదు, ఎందుకో బతకాలనిపించట్లేదు అని ఆమె అంటే మాత్రం... ‘కడుపుతో ఉండి ఆ మాటలేంటి, అశుభం’ అని నోరు మూయిస్తాం. వేవిళ్ల చిరాకులే అని సరిపెడతాం. నిద్ర పట్టకపోవడం, ఎవరితో మాట్లాడకపోవడం, ఊరికే ఏడుపు రావడం, బిడ్డ గురించి ఏ ఉత్సాహం లేకపోవడం రెండు వారాలు దాటి సాగితే అది చిరాకు కాకపోవచ్చు. డిప్రెషన్ కావచ్చు. గర్భిణికీ వస్తుంది, బాలింతకూ వస్తుంది. చికిత్స ఉంది. గర్భంలో వాడదగ్గ మందులూ ఉన్నాయి, డాక్టరే చెబుతారు.

చచ్చిపోవాలనిపిస్తోందన్న మాట ఒక్కసారి వినబడినా చాలు. అబద్ధమా నిజమా అని తూకం వేసే పని ఇంట్లోవాళ్లది కాదు. ఒంటరిగా వదలకుండా పక్కన కూర్చోవాలి. చెప్పేది మధ్యలో ఆపకుండా వినాలి. ఆ రోజే ఆమెను చూసే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. ఎవరికి చెప్పాలో తోచకపోతే కేంద్ర ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయొచ్చు. పగలూ రాత్రీ పనిచేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు.